పార్కు కట్టడం ఒకెత్తు, నడపడం ఒకెత్తు: సరిహద్దు తెలుగు విద్యార్థికి వినోద నిర్వహణ చదువు

ఆటలంటే ఇష్టమన్న కుర్రాడికి ఒడిశా సరిహద్దులోని బరంపురంలోనైనా, గుణుపురంలోనైనా ఇంట్లో దొరికే సలహా ఒకటే: బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసెయ్, బడిలో వ్యాయామ టీచరుగా పీఈటీ పోస్టు పడుతుంది. అడవులూ కొండలూ అంటే ఇష్టమైతే ఫారెస్టు పరీక్షలు రాయమంటారు. ఊళ్లు తిరగాలని ఉందంటే టూరిజం. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొత్తు లేని దారులని మన లెక్క. అమెరికా విశ్వవిద్యాలయాల్లో లెక్క వేరు. అక్కడి విద్యాశాఖ కోర్సులకు అంకెలిచ్చే పట్టికలో 31వ పద్దు కింద పార్కులు, వినోదం, తీరిక, ఫిట్‌నెస్ కలిసే ఉంటాయి. 2020 సవరణలో శరీర చలనాన్ని చదివే కినిసియాలజీ పేరునూ ఆ పద్దుకే చేర్చారు. జాతీయ పార్కులో రేంజర్ కావాలనుకునేవాళ్లూ, నగరపాలక వినోద విభాగంలో చేరాలనుకునేవాళ్లూ, ఫిట్‌నెస్ కేంద్రం నడపాలనుకునేవాళ్లూ చాలాచోట్ల ఒకే విభాగం గుమ్మం తొక్కుతారు.

ఇంత ఎడంగా ఉన్న విషయాలను ఒకచోట చేర్చింది నిర్వహణ. జనం తీరిక వేళ వచ్చి చేరే చోటును ఎవరు నడపాలి, ఏ డబ్బుతో నడపాలి, ఎవరికీ దెబ్బ తగలకుండా, ఆ చోటూ పాడవకుండా ఎన్నాళ్లు నిలపాలి? గోపాలపురం తీరానికైనా, రంభ దగ్గర చిలికా పడవల రేవుకైనా, కోరాపుట్ జిల్లాలో 1,672 మీటర్ల దేవమాలి కొండకైనా, వార్డు పార్కులో పెట్టిన నాలుగు జిమ్ పరికరాలకైనా అడగాల్సినవి ఇవే. మన దేశంలో ఈ చదువు ముక్కలుగా దొరుకుతుంది. వ్యాయామ విద్య ఒక కళాశాలలో, పర్యాటకం మరో సంస్థలో, అటవీశాస్త్రం వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, పార్కు నమూనా గీయడం ఆర్కిటెక్చర్‌లో. వాటిని కలుపుకునే పని విద్యార్థి మీదే పడుతుంది.

ఏ ముక్క ఎందుకు కావాలో తెలియాలంటే వీధి జిమ్‌ను కాస్త దగ్గరగా చూడాలి. చెరో పలక మీద కాలు పెట్టి ముందుకూ వెనక్కూ ఊపే ఎయిర్ వాకర్‌నే తీసుకుందాం. మనిషి బరువంతా పై ఇరుసు దగ్గరి బేరింగుల మీద పడుతుంది. ముందుగా పోయేవీ అవే. మూత సందులోంచి వాన నీళ్లూ ఇసుకా చేరితే గ్రీజు కొట్టుకుపోతుంది. మొదట కిర్రుమంటుంది, తరువాత ఊపు ఒక పక్కకు లాగుతుంది. రెండోది, ఊపు హద్దు దాటకుండా ఆపే రబ్బరు దిమ్మ. అది అరిగిపోతే పలక వెళ్లి స్తంభానికి కొట్టుకుంటుంది. మధ్యలో పిల్లాడి వేళ్లుంటే నలిగిపోతాయి. మూడోది తుప్పు. బరంపురానికీ ఛత్రపురానికీ సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు ఉంటుంది. పౌడర్ కోటింగు ఒక్కటే వేసిన ఉక్కు గొట్టం మీద ఎక్కడ గీత పడితే అక్కణ్నుంచి తుప్పు రంగు కిందుగా పాకుతుంది. పైకి బాగానే ఉంటుంది, లోపల గొట్టం పలచబడిపోతుంది. కరిగిన జింకులో ముంచి తీసిన గొట్టానికి ఖర్చు ఎక్కువే, కానీ తీరప్రాంతంలో నిలిచేది అదే. చూడాల్సిన చోట్లు వెల్డింగు అతుకులు, నేల మట్టాన పునాది బోల్టులు. నీళ్లు నిలిచేది అక్కడే కదా. యూరప్‌లో ఆరుబయటి జిమ్ పరికరాలకు 2015 నుంచి ఈఎన్ 16630 అనే ప్రమాణం ఉంది. ఏ ప్రమాణానికి తయారైంది, వారంటీ ఎన్నేళ్లు, బేరింగు ఎవరు మారుస్తారు అన్న మూడూ టెండరు కాగితంలో లేకపోతే, పాడైన రోజున అడగడానికి మనిషంటూ ఉండడు.

డబ్బే లేదనడం పూర్తిగా నిజం కాదు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన పట్టణాల పథకం అమృత్ కింది ఊళ్లలో బరంపురమూ ఉంది. ఆ పథకంలో ఖర్చులో 2.5 శాతం దాకా పార్కులకు వాడుకోవచ్చని, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని, తరువాతి నిర్వహణకు ఏర్పాటు చూపాలని నిబంధన పెట్టారు. ఆ ఏర్పాటును కాగితం మీద ఎలా పెట్టాలో తెలిసినవాళ్లే కరువు. పని మరీ కష్టమైనది కాదు. రోజూ ఊడ్చే మనిషి చూడాల్సినవి వేరు: గాజు పెంకులు, విరిగిన పలక, వేలాడుతున్న వైరు. నెలకోసారి బోల్టుల బిగింపు, గ్రీజు, రబ్బరు దిమ్మలు. ఏడాదికోసారి పునాది, గొట్టాల మందం, చెట్ల కొమ్మలు. ప్రతిదానికీ తేదీ, చూసినవాళ్ల సంతకం, దొరికిన లోపం, సరిచేసిన రోజు. ప్రమాదం జరిగి కేసు నడిస్తే పురపాలక సంఘాన్ని కాపాడేది కూడా ఆ రిజిస్టరే. చెట్ల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. నీడ తొందరగా వస్తుందని గుల్‌మొహర్ నాటితే, పెళుసు కొమ్మలు, పైపైనే పరుచుకునే వేళ్లు కనుక పెద్ద గాలికి అది తట్టుకోదు. నడక దారి పక్కన, ఆట పరికరాల పైన ఏ చెట్టు ఉండకూడదో తేల్చడం అందానికి సంబంధించిన విషయం కాదు.

పిల్లల ఆటస్థలంలో కొలతలు ఇంకా కచ్చితంగా ఉంటాయి. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సూచనల ప్రకారం పరికరంలో ఏ సందూ మూడున్నర అంగుళాలకూ తొమ్మిది అంగుళాలకూ మధ్య ఉండకూడదు. అంటే సుమారు 9 సెంటీమీటర్ల నుంచి 23 దాకా. కారణం చాలా మామూలుది: ఆ సందులోంచి పిల్లాడి ఒళ్లు దూరుతుంది, తల దూరదు. కాళ్లు ముందు పెట్టి జారితే మెడ దగ్గర వేలాడిపోతాడు. స్థానికంగా వెల్డింగు షాపులో చేయించిన జారుడుబల్లల కటకటాల ఊచలు ఈ కొలత పరిధిలోనే పడే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అవి కిటికీ గ్రిల్ అలవాటుతో కొట్టినవి. పరికరం చుట్టూ ఆరడుగుల ఖాళీ, కింద కనీసం తొమ్మిది అంగుళాల ఇసుక ఉండాలంటాయి అవే సూచనలు. ఇసుక పోసిన రోజున సరిపోతుంది. ఉయ్యాల కింద కాళ్లు రాసుకుని రాసుకుని గుంట పడుతుంది, అక్కడ మిగిలేది గట్టినేల. వారానికోసారి పారతో ఎగదోయాలి. సిమెంటు పలకలు పరిస్తే ఊడ్చడం తేలికే, పడితే పుర్రె పగులుతుంది.

అక్కణ్నుంచి కొండకూ అడవికీ వెళ్తే అడిగే ప్రశ్న మారుతుంది: ఈ చోటు రోజుకు ఎంతమందిని భరిస్తుంది? 1990ల నుంచి ఎక్కువగా వాడుకలో ఉన్న లెక్క మూడు మెట్లు. ఊహకు ఒక కొండపై నిలబడి చుట్టూ చూసే మైదానం 2,000 చదరపు మీటర్లు, మనిషికి 4 చదరపు మీటర్లు అనుకుంటే ఒకేసారి 500 మంది పడతారు. రోజుకు 8 గంటలు తెరిచి, ఒక్కొక్కరు 2 గంటలు ఉంటే నాలుగు విడతలు, మొత్తం 2,000. ఇది భౌతిక సామర్థ్యం. ఇప్పుడు తగ్గింపులు. ఏడాదిలో 90 రోజులు వానకు దారి మూసుకుపోతే 0.753తో గుణించాలి. ఎనిమిది గంటల్లో మూడు గంటలు ఎండకు నిలబడలేకపోతే 0.625. ఫలితం 941. చివరి మెట్టు నిర్వహణ సామర్థ్యం: పన్నెండు మంది సిబ్బంది కావలసిన చోట ఆరుగురే ఉంటే మళ్లీ సగం, 470. రెండు వేలతో మొదలైన అంకె ఐదువందల లోపుకు దిగింది. కరపత్రాల్లో వేసుకునేది మొదటి అంకె, చెత్తా తొక్కిసలాటా వచ్చేది చివరి అంకె దాటినప్పుడు. సంక్రాంతి మర్నాడు ఏ పిక్నిక్ చోటుకు వెళ్లినా ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది.

ఈ లెక్కకున్న బలహీనత కూడా విద్యార్థికి తెలియాలి. మనిషికి నాలుగు చదరపు మీటర్లే ఎందుకు, ఆరు ఎందుకు కాదు అంటే గట్టి జవాబు లేదు. అందుకే అమెరికా అటవీ సేవ పరిశోధకులు 1985లో ప్రశ్నను తిరగేశారు. ఎంతమంది రావచ్చని అడగడం మాని, ఏ మార్పు దాకా ఒప్పుకుంటామని అడిగారు. ఒప్పుకోదగిన మార్పుకు హద్దులు అన్న ఈ పద్ధతి ఋషికుల్య నదీముఖం దగ్గర అతికినట్టు సరిపోతుంది. గోఖర్‌కుడ, పొదంపేట, పురునబంధ గ్రామాల తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెడతాయి, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఏ ఏడాదైనా రాకపోవచ్చు కూడా. పిల్లలు గుడ్డు పగిలి బయటికొచ్చాక వెలుతురున్న వైపు పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం. రోడ్డు దీపాలో, సందర్శకుల టార్చీలో ఉంటే అవి ఊరి వైపు తిరుగుతాయి. ఇక్కడ వందమంది సందర్శకులా రెండువందలా అన్నది అసలు విషయం కాదు. తెల్లవారుజామున ఇసుక మీది జాడల్లో ఎన్ని సముద్రం వైపు, ఎన్ని రోడ్డు వైపు వెళ్లాయో లెక్కపెడితే అదే సూచిక. రోడ్డు వైపు జాడలు ముందే అనుకున్న హద్దు దాటితే మరుసటి రాత్రి దీపాలు ఆర్పడం, సందర్శకులను వెనక్కి జరపడం. సూచిక, హద్దు, దాటితే చేసే పని మూడూ రాసి పెట్టుకోవాలి. మూడోది లేని ప్రణాళికలే ఎక్కువ.

వచ్చినవాళ్ల లెక్క ఒక ఎత్తయితే, రానివాళ్ల లెక్క మరొకటి. 1987లో క్రాఫర్డ్, గాడ్బీ అనే ఇద్దరు పరిశోధకులు తీరిక వేళకు అడ్డుపడేవాటిని మూడుగా విడదీశారు: మనసులోని సంకోచం, తోడు దొరకకపోవడం, చోటులోని లోపం. సాయంత్రం ఏడు దాటాక పార్కులో ఆడవాళ్లు కనిపించకపోతే "మనవాళ్లకు వ్యాయామం అలవాటు లేదు" అని తేల్చేయడం సులువు. గేటు నుంచి నడక దారి దాకా దీపం ఉందా, మరుగుదొడ్డికి తాళం ఎవరి దగ్గర ఉంది, పొదలు నడుమెత్తు దాటి పెరిగాయా అని చూడ్డం రెండు గంటల పని. మూడో రకం అడ్డంకి ఖర్చుతో పోతుంది. మొదటి రెండింటికీ ఉదయం ఆడవాళ్ల బృందం, పరిచయమున్న శిక్షకురాలు కావాలి. ఏది ఎక్కడుందో తెలియకుండా మరో రెండు పరికరాలు కొని పెడితే అవీ ఖాళీగానే ఊగుతాయి.

ఫిట్‌నెస్ సంగతికొస్తే ఈ ప్రాంతానికి బలం కొత్తది కాదు. వీరఘట్టం కోడి రామమూర్తి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాకే సర్కసుతో దేశాలు తిరిగారు. బరంపురం నుంచి వచ్చిన కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం ఎత్తారు. దండీలు, బస్కీలు తీయించే గురువులు ఇప్పటికీ ఉన్నారు. విశ్వవిద్యాలయం అదనంగా ఇచ్చేది కొలిచే అలవాటు. కూపర్ పరీక్షనే చూడండి: 12 నిమిషాల్లో ఎన్ని మీటర్లు పరిగెత్తారో కొలిచి, అందులోంచి 504.9 తీసేసి 44.73తో భాగిస్తే శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి అంచనాగా వస్తుంది. 2,400 మీటర్లకు సుమారు 42.4, కిలో బరువుకు నిమిషానికి మిల్లీలీటర్లలో. పరీక్ష చెడేది రెండు కారణాల వల్ల: మొదటి రెండు నిమిషాల్లోనే దౌడు తీసి కూలబడిపోవడం, ట్రాక్ పొడవు సరిగా తెలియకపోవడం. నలభై దాటినవాళ్లనూ, గుండెజబ్బు సూచనలున్నవాళ్లనూ ముందు ఆరోగ్య ప్రశ్నావళి నింపించకుండా ఈ పరీక్షకు నిలబెట్టకూడదు.

ఎండ విషయంలో తీరానికీ కొండకూ ఒకే నియమం పనికిరాదు. వేడి ఒత్తిడిని కొలిచే సూచికలో తడిబల్బు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు) ఉష్ణోగ్రతకు 0.7, ఎండలో పెట్టిన నల్లగోళానికి 0.2, మామూలు థర్మామీటరుకు 0.1 పాలు. తీరంలో ఒక ఉదయం ఈ మూడూ 28, 40, 32 డిగ్రీలనుకుంటే సూచిక 30.8. కోరాపుట్ పీఠభూమి మీద 21, 42, 34 అయితే 26.5 మాత్రమే. థర్మామీటరు కొండ మీదే ఎక్కువ చూపిస్తోంది, వడదెబ్బ ముప్పు తీరంలో ఎక్కువ. చెమట ఆరకపోవడమే తేడా. ఎండాకాలం శిబిరాలకు వేళలు పెట్టేవాళ్లు చూడాల్సింది తడిబల్బును.

ఇక చేరే దారులు. బీపీఎడ్ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల నుంచి రెండేళ్ల కోర్సు. డిగ్రీ మార్కులకు తోడు ఆటల్లో పాల్గొన్న సర్టిఫికెట్ కూడా చాలామందికి అవసరమవుతుంది, కాబట్టి కళాశాల స్థాయి పోటీల కాగితాలు పారేసుకోకూడదు. ట్రాక్ గీయడం ఇందులో బాగా నేర్పుతారు: 400 మీటర్ల ట్రాక్‌కు వంపు వ్యాసార్ధం 36.50 మీటర్లు, సరళరేఖ 84.39, ఒక్కో పరుగు వరుస (లేన్) వెడల్పు 1.22, రెండో వరుసలో పరిగెత్తేవాళ్లకు ఒక పూర్తి చుట్టుకు 7.04 మీటర్లు ముందుకు జరిపిన ఆరంభ గీత. నిర్వహణకు ఒక పేపరు ఉంటుంది గానీ దానికి దక్కే శ్రద్ధ తక్కువ. ఎంపీఎడ్ 55 శాతంతో పూర్తిచేసి యూజీసీ నెట్‌లో 47వ సబ్జెక్టు వ్యాయామ విద్య దాటితే కళాశాల ఫిజికల్ డైరెక్టర్ దారి తెరుచుకుంటుంది. దానికీ పరుగు పరీక్ష ఉంది: ముప్పై లోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, ఆడవాళ్లు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పూర్తిచేయాలి.

సరిహద్దు విద్యార్థి ఎక్కువగా దెబ్బతినేది భాష, స్థానికత దగ్గర. ఒడిశా ప్రభుత్వోద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా ఉత్తీర్ణత చూపించాలి. తెలుగు మాధ్యమంలో చదివి ఒడియా వదిలేసినవాళ్లు డిగ్రీలన్నీ అయ్యాక ఈ పరీక్ష కోసం పరిగెత్తకుండా ముందే రాసేసుకోవడం మేలు. ఆంధ్రలో వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాద్దామనుకుంటే, రాత పరీక్ష ఉండదు: నూరు మీటర్ల పరుగు, మగవాళ్లకు 800, ఆడవాళ్లకు 400 మీటర్లు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హైజంప్ కలిపి 400 మార్కులు, ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి 100. సీట్లలో 85 శాతం స్థానికులకు. మిగతా 15 శాతానికి కూడా షరతులుంటాయి, తల్లో తండ్రో ఆ రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండడంలాంటివి. మాతృభాష తెలుగన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఇచ్ఛాపురంలో మేనమామ ఉన్నాడన్నదీ రాదు.

పార్కులూ ప్రకృతీ వైపు మొగ్గున్నవాళ్లకు భువనేశ్వర్‌లో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నాలుగేళ్ల ఫారెస్ట్రీ డిగ్రీ ఉంది, సైన్సు ఇంటర్ కావాలి. పర్యాటకానికి అదే నగరంలో భారత పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ కేంద్రం ఉంది. దాని కిందిదే గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ. పడవ నడపడం, ప్రాణరక్షణ కోర్సులు అక్కడ చేసినవాళ్లకు చిలికా, గోపాలపురం ప్రాంతంలో చెప్పుకోదగ్గ విలువ ఉంటుంది. పేరులోనే తీరికను పెట్టుకున్న సంస్థ మన దేశంలోనూ ఒకటుంది: క్రీడలు, వ్యాయామ విద్య, ఫిట్‌నెస్, లీజర్ నైపుణ్య మండలి. ఫిట్‌నెస్ శిక్షకుల వంటి పనులకు సర్టిఫికెట్లు దాని పరిధిలోనివి. అవి డిగ్రీకి తోడుగా బాగుంటాయి. డిగ్రీకి బదులనుకుంటే పదోన్నతి దగ్గర ఆగిపోతారు. విదేశంలో మాస్టర్స్ అనుకునేవాళ్లు కోర్సు పేరు చూసి ఆగకూడదు. ఫిట్‌నెస్ వైపు ఒరిగిన విభాగానికీ, పార్కుల నిర్వహణ వైపు ఒరిగిన విభాగానికీ ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తారో చూస్తే తేడా తెలిసిపోతుంది.

దరఖాస్తుకు ముందే చేతిలో ఉంచుకోదగ్గ పని ఒకటుంది, ఖర్చు లేనిది. పార్కుల్లో జనాన్ని గమనించడానికి సోపార్క్ అనే పద్ధతి ఉంది. పార్కును పటం గీసి భాగాలుగా విడదీయాలి: నడక దారి, జిమ్, ఆటస్థలం, బెంచీలు. రోజుకు నాలుగు వేళల్లో ప్రతి భాగాన్నీ ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చూపుతో ఊడ్చినట్టు చూసి, ఆడ మగ, పిల్లలు యువకులు పెద్దలు వృద్ధులు, కూర్చున్నారా నడుస్తున్నారా గట్టిగా కదులుతున్నారా అని గీతలు పెట్టుకుంటూ పోవాలి. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకుండా చూపు వెనక్కి తిప్పకూడదు. వారంలో అన్ని రోజులూ కావాలి, ఆదివారం ఒక్కటి చూస్తే సరిపోదు. ఇద్దరు విడివిడిగా ఒకే వేళ లెక్కపెట్టి అంకెలు పోల్చుకుంటే పొరపాటు ఎంతో బయటపడుతుంది. వాన పడిన రోజునా వెళ్లి, ఎవరూ లేకపోతే సున్నా అనే రాయాలి. గడి ఖాళీగా వదిలేస్తే ఆ రోజు చూడనేలేదని అర్థం.